ఇంటి లెక్క: టోకెన్ మనదే, పాట ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి జవాబు చెప్పడానికే ఈ పేజీలు సరిపోయేలా ఉన్నాయి. రాసిన అమ్మ టి. నగర్‌లో ఉంటారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. వాళ్ళాయన ముప్పై ఏళ్ళు మిల్లులో చేసి రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. కొడుకు ఉస్మాన్ రోడ్డులో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్. దీపావళి బోనస్ చేతికి రాగానే ఆ అబ్బాయి సెల్‌ఫోన్‌లో క్రికెట్ ఆటగాళ్ళ కార్డులు కొన్నాడట. కార్డంటే చేత్తో పట్టుకునే కార్డు కాదు, ఫోన్లో కనబడే బొమ్మ. ఇప్పుడేమో "నాన్న డబ్బులో రెండు లక్షలివ్వండి, ఐపీఎల్ అయ్యేలోగా రెట్టింపు చేస్తా" అంటున్నాడట. పాటల టోకెన్లు కూడా ఉన్నాయట, అవి కొంటే పాటలో వాటా వస్తుందని షాపులో తోటి కుర్రాడెవరో చెప్పాడట.

ఆ అమ్మ అడిగింది ఒక్కటే: "ఇది చీటీయా, షేరా, లాటరీయా? మాకు తెలిసే మాటల్లో చెప్పండి."

మంచి ప్రశ్న. నిజానికి ఇంతకంటే సూటిగా ఎవరూ అడగలేరు. జవాబు కూడా సూటిగానే చెప్తాను. అమ్మా, ఇది మూడూ కాదు. చీటీలో మనం కట్టింది జమ అవుతుంది, మన వంతు వచ్చినప్పుడు తీసుకుంటాం. షేరంటే కంపెనీలో భాగం. లాటరీ అంటే ఫలానా తేదీన తేలిపోతుంది. ఇది ఒక రసీదు. రసీదు అసలుదే కావచ్చు, దొంగది కాకపోవచ్చు. కానీ దేనికి రసీదు, ఆ రసీదు చూపిస్తే ఎవరు ఏమిస్తారు అన్నది చూసుకోకుండా కొనేస్తున్నారు. చిక్కంతా అక్కడే.

టోకెన్ అనే మాట మన ఇళ్ళకి కొత్తది కాదు. మిల్లు గేటు దగ్గర టైం ఆఫీసు, ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన బిళ్ళ. ఆ బిళ్ళలో ఉన్న లోహం ఎంత చేస్తుంది? ఏమీ చేయదు. అయినా అది కనబడకపోతే ఇల్లంతా వెతికేవాళ్ళం. ఎందుకంటే బిళ్ళ వెనక మస్టర్ రోలు ఉంది, మస్టర్ వెనక జీతం ఉంది, జీతంలో తేడా వస్తే అడగడానికి సంఘం ఉంది. 1918 ఏప్రిల్‌లో పెరంబూరు మిల్లు కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టాక ఆ అడిగే గొంతుకి బలం వచ్చింది. అంత పెద్ద బి అండ్ సి మిల్లు 1996లో మూతపడింది. గేటు పడ్డాక బిళ్ళ బిళ్ళగానే మిగులుతుంది. జ్ఞాపకంగా దాచుకోవచ్చు, కిరాణా కొట్లో చెల్లదు.

టోకెన్ విలువ టోకెన్‌లో ఉండదు, దాని వెనక నిలబడే వాళ్ళలో ఉంటుంది. ఈ నెల నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరం.

ముందు ఈ బ్లాక్‌చెయిన్ అంటే ఏంటో చూద్దాం. పేరు పెద్దదే గానీ సంగతి లెక్కల పుస్తకమే. మన వీధిలో ఇరవై మంది చీటీ వేశారనుకోండి. పుస్తకం ఒక్కటే ఉండి, అది నడిపే ఆయన దగ్గరే ఉంటే, ఆయన ఒక అంకె దిద్దినా మనకు తెలీదు. అలా కాకుండా ఇరవై మందీ తలో పుస్తకం పెట్టుకుని, ప్రతి జమా ప్రతి ఖర్చూ అందరూ ఒకేసారి రాసుకుంటే? ఒకడు దిద్దితే మిగతా పందొమ్మిది పుస్తకాలు పట్టిస్తాయి. పైగా ప్రతి పేజీ అడుగున ముందు పేజీ లెక్కతో కలిసే గుర్తు ఒకటి వేస్తారు. మధ్యలో ఒక పేజీ చింపితే తర్వాతి పేజీలన్నీ తప్పుతాయి. ఈ పని ఎన్నో దేశాల్లో ఉన్న వేల కంప్యూటర్లు చేస్తే అదే బ్లాక్‌చెయిన్. మోసం లేని పుస్తకం కాబట్టి మంచిదే కదా అంటారు. మంచిదే. కాకపోతే ఆ పుస్తకం చెప్పేది ఒక్క సంగతే: ఫలానా నంబరు టోకెన్ ఇప్పుడు ఫలానా ఖాతాలో ఉంది. ఆ టోకెన్‌కి విలువ ఉందా లేదా అన్నది పుస్తకం చెప్పదు.

ఆ టోకెన్లలో ఒక రకాన్ని ఎన్‌ఎఫ్‌టీ అంటారు. ఒక వంద నోటు ఇచ్చి ఇంకో వంద నోటు తీసుకుంటే మనకేం తేడా లేదు. కానీ ధోనీ 2011 ప్రపంచ కప్ ఫైనల్లో ఆడిన బ్యాటు ఇచ్చి పాండీ బజార్లో కొన్న బ్యాటు తీసుకోమంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఆ బ్యాటు ఒక్కటే. అదే ఏడాది లండన్‌లో సేవా కార్యక్రమం కోసం వేలం వేస్తే లక్ష పౌండ్లు పలికింది. అలా దేనికదే వేరుగా, ఒకదానికి బదులు ఇంకొకటి పనికిరాకుండా ఉండే టోకెన్‌ని ఎన్‌ఎఫ్‌టీ అంటారు. ఆటగాడి ఫోటో, సిక్సర్ కొట్టిన పది సెకన్ల వీడియో, పాట, కచేరీ టికెట్టు, దేనికైనా ఒక టోకెన్ కట్టి అమ్మొచ్చు.

సేకరించడం తప్పేం కాదు. మనవాళ్ళకు పాత అలవాటే. అగ్గిపెట్టెల లేబుళ్ళు, సినిమా పాటల పుస్తకాలు, 1980ల చివర్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో వచ్చిన క్రికెట్ కార్డులు దాచుకోని ఇల్లుందా? ఆ కార్డుల కోసం పిల్లలు పళ్ళు పుచ్చిపోయేలా బబుల్‌గమ్ నమిలారు. అప్పుడు ఎవరూ రెట్టింపు అవుతుందని కొనలేదు. కొత్త సంగతల్లా ఇదే: సరదాకి దాచుకునే వస్తువుని మదుపు అని చెప్పి అమ్మడం.

ఇది ఎక్కడ మొదలైందంటే, 2021లో. ఆ ఏడాది మార్చి 11న క్రిస్టీస్ అనే వేలం సంస్థ బీపుల్ అనే అమెరికన్ చిత్రకారుడి కంప్యూటర్ బొమ్మల టోకెన్‌ని 6.93 కోట్ల డాలర్లకు అమ్మింది. అప్పటి లెక్కలో దాదాపు 500 కోట్ల రూపాయలు. కొన్నది ఎవరో కాదు, తమిళనాడు నుంచి వెళ్ళి సింగపూర్‌లో స్థిరపడిన విఘ్నేశ్ సుందరేశన్. ఈ వార్త మన ఊళ్ళో కుర్రాళ్ళ చెవుల్లో గంట కొట్టినట్టు మోగింది. అమెరికాలో బాస్కెట్‌బాల్ వీడియో ముక్కల్ని టాప్ షాట్ పేరుతో అమ్మారు. లెబ్రాన్ జేమ్స్ బంతి వేసిన ఒక ముక్క 2 లక్షల డాలర్లు దాటింది. కింగ్స్ ఆఫ్ లియాన్ అనే బ్యాండ్ తమ ఆల్బమ్‌ని టోకెన్‌గా తెచ్చింది. మన దేశంలో అదే ఏడాది నవంబరులో అమితాబ్ బచ్చన్ గొంతుతో చదివిన మధుశాల టోకెన్ల వేలం జరిగింది, కోట్లలో పాడారు. క్రికెట్‌లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఫ్యాన్‌క్రేజ్ సంస్థతో చేతులు కలిపింది. రారియో అనే ఇంకో సంస్థ క్రికెట్ ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకుంది. 2022లో ఈ రెండు సంస్థల్లోనూ మదుపరులు తలా పది కోట్ల డాలర్లకు తక్కువ కాకుండా పెట్టారు. గమనించండి, ఆ డబ్బు పెద్ద మదుపరులు కంపెనీల్లో వాటా కోసం పెట్టింది. మన అబ్బాయి పెట్టింది బొమ్మ కోసం.

ఇక పాట సంగతి. ఆ అబ్బాయికి చెప్పినట్టు టోకెన్ కొంటే పాటలో వాటా వస్తుందా?

ఘంటసాల గారు కాపురమున్నది ఈ టి. నగర్‌లోనే. ఆయన భగవద్గీత ఎల్పీ రికార్డు మన ఇళ్ళలో ఎన్నో ఉండేవి. రికార్డు మనదే. గ్రామఫోను మీద పెట్టి పొద్దున్నే వినొచ్చు, చుట్టాలకి ఇవ్వొచ్చు, మూర్ మార్కెట్ పాత సామాన్ల కొట్లో అమ్ముకోనూ వచ్చు. అంతమాత్రాన ఆ గీత మనది అయిపోలేదు. దాన్ని కాపీ కొట్టి అమ్మే హక్కు, సినిమాలో వాడే హక్కు మనకు రాలేదు. కొన్నది పళ్ళెం, పాట కాదు.

పాట మీద హక్కు ఎంత బిగుసుకున్న ముడో తెలియాలంటే 2017 మార్చి గుర్తు చేసుకోండి. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి మద్రాసులో వేల పాటలు పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు గాయకుడిగా 50 ఏళ్ళు నిండిన సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. తన అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడకూడదని ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వచ్చింది. ఎవరిది న్యాయం అన్న తగవు మనకొద్దు, ఇద్దరూ మనకి ఇష్టమైనవాళ్ళే. మనం నేర్చుకోవాల్సింది వేరే. ఆ పాటలు పాడిన గొంతుకే ప్రశ్న ఎదురైతే, ఫోన్లో ఒక టోకెన్ కొన్నవాడికి పాటలో హక్కు దానంతటదే వస్తుందా?

రాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ఉంది. హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి, ఏ హక్కు, ఎంత కాలానికి, ఏ ప్రాంతంలో అన్నది అందులో ఉండాలి. ఇల్లు కొంటే రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ఎలాగో ఇదీ అలాగే. టోకెన్‌తో పాటు అలాంటి కాగితం ఇస్తే, అందులో రాసిన మేరకు హక్కు. కాగితం లేకపోతే మనకి వచ్చింది పుస్తకంలో ఒక వరస, అంతే.

వాటా అంటే ఎలా ఉంటుందో కూడా చెప్తాను. చెన్నై సూపర్ కింగ్స్ కంపెనీ షేర్లు ఇండియా సిమెంట్స్ వాటాదారులకు అందాయి. స్టాక్ ఎక్స్ఛేంజిలో లేకపోయినా బయట చేతులు మారుతుంటాయి. అది కూడా రిస్కున్న వ్యవహారమే, కొనమని నేను చెప్పడం లేదు. కానీ ఆ షేరున్నవాడికి కంపెనీ చట్టం అండగా ఉంది. ఏటా లెక్కలు చూపించాలి, సమావేశానికి పిలవాలి, ఓటు ఉంటుంది. ఆటగాడి బొమ్మ టోకెన్ కొన్నవాడికి జట్టులో పైసా వాటా లేదు, ఆటగాడి సంపాదనలోనూ లేదు.

సరే, ఇది అధికారికంగా ఇచ్చిన కార్డు కదా, వేరేవాళ్ళు ఇలాంటిది చేయలేరు కదా అని మన అబ్బాయి అడగొచ్చు. ఈ ప్రశ్నే ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. అందులో మన హైదరాబాదు పేస్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ పేరు కూడా ఉంది. రారియో సంస్థ సిరాజ్, హర్షల్ పటేల్, అర్ష్‌దీప్ సింగ్ లాంటి ఆటగాళ్ళతో ఒప్పందం చేసుకుని వాళ్ళ కార్డులు అమ్మేది. స్ట్రైకర్ అనే ఇంకో ఆట నడిపేవాళ్ళు ఒప్పందం లేకుండానే ఆటగాళ్ళ పేర్లు, గీసిన బొమ్మలు పెట్టి టోకెన్ కార్డులు అమ్మారు. ఆపమని రారియో, ఆ ఆటగాళ్ళు కోర్టుకెళ్ళారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు వాళ్ళు అడిగిన మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. ఆటగాడి పేరు, అతను చేసిన పరుగులు, తీసిన వికెట్లు లోకానికంతా తెలిసిన సమాచారమనీ, ఎన్‌ఎఫ్‌టీ ఒక సాంకేతిక పద్ధతి మాత్రమే, అది ఏ ఒక్కరి సొత్తూ కాదనీ చెప్పింది.

దీని అర్థం మనలాంటి వాళ్ళకు ఏంటంటే, "ఈ కార్డులు వందే ఉన్నాయి, అందుకే రేటు పెరుగుతుంది" అన్న మాటని నమ్ముకోలేం. ఆ కంపెనీ పుస్తకంలో వందే ఉండొచ్చు. పక్క కంపెనీ అదే ఆటగాడి బొమ్మ ఇంకోటి గీసి ఇంకో వంద అమ్మొచ్చు. బంగారం గనిలో తవ్వాలి. బొమ్మకి గని అక్కర్లేదు.

బంగారం మాట వచ్చింది కాబట్టి ఉస్మాన్ రోడ్డు సంగతే చూద్దాం. ఇప్పుడు నగ కొంటే హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు కొట్టి ఇస్తున్నారు. ఒక నగకి ఉన్న నంబరు ఇంకో నగకి ఉండదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలొస్తాయి. చాలా ఉపయోగమైన పని. కానీ ఆ నంబరుకి విలువెందుకు వచ్చింది? దాని కింద బంగారం ఉంది కాబట్టి. నగ తీసేసి నంబరు ఒక్కటీ కాగితం మీద రాసిస్తే ఎవరైనా డబ్బిస్తారా? ఆట కార్డులు కొనేటప్పుడు అడగాల్సింది ఇదే: నంబరు సరే, బంగారం ఏది?

చాలామంది ఈ ప్రశ్న ఆలస్యంగా అడిగారు. టాప్ షాట్ రేట్లు ఎక్కినంత వేగంగానూ దిగాయి. కొన్నవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2024లో కంపెనీ 40 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. 2023 సెప్టెంబరులో డాప్‌గాంబుల్ అనే సంస్థ 73,257 ఎన్‌ఎఫ్‌టీ సేకరణల్ని పరిశీలిస్తే, 69,795 సేకరణల మార్కెట్ విలువ సున్నాగా తేలింది. నూటికి 95 అన్నమాట. టోకెన్లు ఎక్కడికీ పోలేదు. పుస్తకంలో వరస అలాగే ఉంది. కొనేవాడు పోయాడు.

సంగీతంలో జరిగింది ఇంకా కళ్ళు తెరిపించే కథ. అమెరికాలో కోచెల్లా అనే పెద్ద సంగీతోత్సవం ఉంది. 2022 ఫిబ్రవరిలో వాళ్ళు పది టోకెన్లు వేలం వేశారు. అది ఉన్నవాళ్ళు బతికున్నంత కాలం ఏటా ఉత్సవానికి రావొచ్చు. మొత్తం మీద సుమారు 15 లక్షల డాలర్లు వచ్చాయి. ఇక్కడ టోకెన్ వెనక నిజంగానే ఒక వస్తువుంది, జీవితకాలపు టికెట్టు. మంచి బేరమే అనిపిస్తుంది. కానీ ఆ టోకెన్లు అమ్మింది ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో సంస్థ వేదిక మీద. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. కొన్నవాళ్ళ టోకెన్లు ఆ మూసిన తలుపుల వెనక చిక్కుకున్నాయి. గేటు మూస్తే బిళ్ళ ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన దేశంలో 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిని హ్యాకర్లు దోచారు. 23 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కొనుక్కున్నవాళ్ళ ఖాతాలు నెలల తరబడి స్తంభించాయి. వాళ్ళలో ఒకావిడ మద్రాసు హైకోర్టుకి వెళ్ళారు. ఆవిడ దగ్గరున్నవి దోపిడీకి గురైన నాణేలు కావు, వేరేవి. అయినా నష్టాన్ని అందరికీ పంచుతామన్నారు. 2025 అక్టోబరులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేష్ గారు క్రిప్టో కూడా చట్టం దృష్టిలో ఆస్తేనని, ఒకరి దగ్గర ఉంటే మనకోసం ధర్మకర్తలా ఉంచాల్సిన ఆస్తి కాగలదని చెప్పి ఆవిడకి రక్షణ ఇచ్చారు. ఇది మనలాంటి వాళ్ళకి మేలు చేసే తీర్పే. కానీ దాని కోసం ఆవిడ హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. సుమారు రెండు లక్షల రూపాయల వ్యవహారానికి ఎంతమంది వెళ్ళగలరు? బ్యాంకు డిపాజిట్ అయితే ఐదు లక్షల వరకు ఇన్సూరెన్సు ఉంది. టోకెన్‌కి అలాంటిది లేదు.

కళాకారులకు మేలంటారు, అదీ చూద్దాం. టోకెన్ చేతులు మారిన ప్రతిసారీ పాట కట్టినాయనకి కొంత శాతం దానంతటదే వెళ్తుందని మొదట్లో చెప్పారు. వాద్యకళాకారులు, కోరస్ పాడేవాళ్ళు నెలాఖరుకి డబ్బు కోసం ఎదురుచూసే కోడంబాక్కం పక్కనే ఉన్న మనకి ఈ మాట ఆశగానే వినిపించింది. కానీ ఆ శాతం చాలావరకు అమ్మకం జరిగే వేదిక దయ మీద ఆధారపడింది. ఓపెన్‌సీ అనే పెద్ద వేదిక 2023 ఆగస్టు తర్వాత దాన్ని తప్పనిసరి చేయడం మానేసింది. ఇచ్చేవాళ్ళ ఇష్టం అయింది. దానికన్నా 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ నయం. పాట రాసినవాళ్ళకి, స్వరపరిచినవాళ్ళకి రాయల్టీలో రావాల్సిన భాగాన్ని ఎవరూ రాయించుకుని లాక్కోలేకుండా చేసింది అది.

ఇంక పన్ను. దీని గురించి అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ టోకెన్ల లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. మన జీతం ఏ శ్లాబులో ఉందన్నది దీనికి లెక్క కాదు. 2022 జూలై 1 నుంచి, నిర్ణీత పరిమితి దాటితే అమ్మిన మొత్తం మీద ఒక శాతం టీడీఎస్ కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాంట్లో వచ్చిన లాభంలో తీసేసుకోవడానికి లేదు.

కాగితం తీసుకుని వేసుకోండి. అబ్బాయి 10,000 పెట్టి ఒక కార్డు కొని 16,000కి అమ్మాడు. లాభం 6,000. ఇంకో కార్డు 10,000కి కొని 3,000కి అమ్మాడు. నష్టం 7,000. మన లెక్కలో మొత్తం మీద 1,000 పోయింది. పన్ను లెక్కలో మాత్రం లాభం 6,000. దాని మీద 1,800 పన్ను, 72 సెస్సు, మొత్తం 1,872. అంటే పోయింది 1,000 కాదు, 2,872. పోగొట్టుకుని కూడా పన్ను కట్టే వ్యాపారం ఇది.

ఇంకో సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. డ్రీమ్ 11 లాంటి పెద్ద సంస్థలే డబ్బు పోటీలు ఆపేశాయి. ఈ కార్డు పెట్టి ఆడి డబ్బు గెలవొచ్చని ఎవరైనా ఇప్పటికీ చెప్తుంటే, వాళ్ళ దగ్గర నుంచి దూరంగా జరగండి.

అయితే ఈ పద్ధతి పూర్తిగా పనికిరాదా? అలా అనను. ఆటగాడు సంతకం చేసిన బ్యాటుతో పాటు ఒక టోకెన్ ఇస్తే, దొంగ సంతకాలు అమ్మేవాళ్ళని పట్టుకోవచ్చు. కచేరీ టికెట్టు టోకెన్‌గా ఇస్తే ఒకే టికెట్టు ఇద్దరికి అమ్మడం కుదరదు. ఇక్కడ టోకెన్ హెచ్‌యూఐడీ నంబరు లాంటిది, కింద వస్తువుంది. అలాగే ఒక ఆటగాడంటే ప్రాణం, వాడి కార్డు ఫోన్లో ఉంటే సంతోషం అనుకుంటే, సినిమాకి వెళ్ళినంత డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. సినిమా అయ్యాక టికెట్టు డబ్బు తిరిగి రాదని మనకు తెలుసు కదా, అలాగే.

కాబట్టి అమ్మా, అబ్బాయిని తిట్టకండి. చెప్పులరిగేలా పది గంటలు నిలబడి చీరలు మడిచే పిల్లాడు. రంగనాథన్ వీధి జనం మధ్య నుంచి తోసుకుని ఇంటికొచ్చి, ఫోన్లో ఎవడో లక్షాధికారి అయ్యాడని చూస్తే ఆశ పుట్టడం సహజం. కూర్చోబెట్టి, భోజనం పెట్టి, ఈ నాలుగూ అడగండి.

దీని కింద ఏ వస్తువుంది, ఏ హక్కుంది, కాగితం చూపించు. ఈ కంపెనీ రేపు మూతపడితే నీ చేతిలో ఏం మిగుల్తుంది? నువ్వు అమ్మాలనుకున్న రోజున కొనేవాడెవడు, పోయిన వారంలో ఇలాంటి కార్డు నిజంగా ఎంతకి అమ్ముడుపోయింది? పన్ను పోను చేతికెంత?

వాడు నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే, వాడి సొంత డబ్బుతో, పోయినా ఇల్లు గడిచేంత డబ్బుతో చేసుకోనివ్వండి. ఇప్పటికే కొన్న కార్డుల్లో ఒక్కటి అమ్మి, డబ్బు బ్యాంకు ఖాతాలోకి తెచ్చి చూపించమనండి. అమ్ముడుపోతే ఎంత వచ్చిందో, పోకపోతే ఎందుకు పోలేదో, నేను రాసిన ఈ పేజీలకన్నా అదే బాగా చెప్తుంది.

నాన్న డబ్బు మాత్రం ముట్టుకోనివ్వొద్దు. అది ముప్పై ఏళ్ళ షిఫ్టుల డబ్బు. మగ్గాల చప్పుడుకి చెవులు, దూదికి ఊపిరితిత్తులు ఇచ్చి తెచ్చుకున్నది. ఆయనకి అరవై నిండితే పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది, వెనక ప్రభుత్వం ఉంటుంది. రెట్టింపు అవడానికి చాలా ఏళ్ళు పడుతుంది, నిజమే. కానీ గేటు మూసేసి వెళ్ళిపోయే యజమాని అక్కడ లేడు.

ఈ టోకెన్లలో ఇప్పటికే డబ్బు పెట్టినవాళ్ళు మన పాఠకుల్లో ఇంకా ఉంటే, ఎంతకి కొన్నారో, ఎంతకి అమ్మగలిగారో రాసి పంపండి. పేరు వేయం. అందరి లెక్కలూ కలిపి ఇదే పేజీలో వేద్దాం. వచ్చే నెల నామినేషన్ గురించి మాట్లాడుకుందాం. పీఎఫ్‌లో, బ్యాంకులో, ఇన్సూరెన్సులో ఎవరి పేరు రాశారో ఈలోపు ఇంట్లో ఒకసారి చూసి పెట్టుకోండి.